కొండల్‌రావు ఉంగరంల సుక్క

అంబదాసు పుట్టింది సుల్తానాబాద్‌ల, సాలెల ఇంట్ల. మగ్గం గుంటల కూసునుడు ఆయనకు చేతగాలే. పదిహేనేండ్లకే కరీంనగర్ పోయి, ఒక ఉస్తాదు దగ్గర ఉంగరాలకు రాళ్లు పొదుగుడు నేర్చుకున్నడు. పెండ్లయినంక కాగజ్‌నగర్‌ల మిల్లుకు పోయే తొవ్వల చిన్న దుకాణం పెట్టిండు. ఎనక అర్రల సంసారం, ముందు పని.

1981 ఎండాకాలంల ఒకనాడు లీలాబాయి వచ్చింది. ఊర్ల పెద్ద భూములున్న ఇంటి బిడ్డ. ఏడాది కింద వాళ్ల బాపు కొండల్‌రావు పోతే, ఆయన ఉంగరం ఈమెకు వచ్చింది.

“గీ రాయి తీసేసి పగడం పెట్టు అంబదాసూ. మెరుపు లేదు, ఏం లేదు. మా బాపు దీన్ని ఎందుకు తొడుక్కున్నడో నాకైతే సమజ్ కాలే.”

అంబదాసు ట్యూబులైటు కింద చూసిండు. గుండుగ, నీలానికీ బూడిదకూ నడుమ రంగు. కింద లక్క కరిగి రాయి ఒక దిక్కుకు వాలింది. ఎందుకో అనుమానమొచ్చి రోడ్డు మీదికి తెచ్చి ఎండకు పట్టిండు. రాయి అంచున సన్నని తెల్లగీతలు రెండు లేచినయి.

“అమ్మా, జర ఇటు రాండ్రి. ఏలికి పెట్టుకొని చెయ్యి మెల్లగ తిప్పుండ్రి.”

తిప్పింది. ఆరు కాళ్ల తెల్ల సుక్క ఒకటి అంచుల నుంచి లేచి, రాయి మీద జారుకుంట నడిచింది. చెయ్యి ఆపితే అదీ ఆగింది.

“గిది సుక్క నీలం. ఉస్తాదు దగ్గర ఒక్కపారే చూసిన,” అన్నడు అంబదాసు. “లోపట వెంట్రుక కన్న సన్నని పోగులు మూడు దిక్కుల పరుసుకొని ఉంటయట. ఎండగానీ ఒక్క దీపంగానీ సూటిగ పడితేనే సుక్క లేస్తది. ట్యూబులైటుకు దొరకది. పలకలు కొడితే పోతది, అందుకే గిట్ల గుండుగ సాన పడుతరు. మా బాపు రెండు దిక్కుల పోగులతోనే జిందగీ అంతా బట్ట నేసిండు. గిండ్ల మూడున్నయి.”

లీలాబాయి దుకాణం ముంగటి బల్ల మీద కూసున్నది.

“పొద్దుగాల అరుగు మీద కూసుండి ఏలు అటిటు తిప్పుతుండె మా బాపు. కీళ్లు గుంజుతున్నయేమో అని మా అవ్వ నూనె రాసేది,” అని పకపక నవ్వింది. నవ్వుకుంటనే కొంగుతోని కండ్లొత్తుకున్నది. “ఒక్కనాడన్న చెప్పకపాయె.”

పగడం మాట అక్కడికే ఆగింది. ఇగ సుక్క రాయి నడుమకు వచ్చేటట్టు కూసోబెట్టాలె. లక్క వేడిగ ఉన్న కొద్దిసేపట్లనే ఆ పని కావాలె. మొదటి దినం మిట్టమధ్యాహ్నం ఎండల కూసున్నడు. వంగి చూస్తే సొంత నెత్తి నీడ రాయి మీద పడి సుక్క మాయమైంది. పక్కకు జరిగి చూసుకుంట అదిమితే రాయి వంకర కూసున్నది. మల్ల తీసిండు. రెండో దినమూ అంతే.

భార్య కమలవ్వ గుమ్మంల నిలబడి చూసింది. “దీపం ఓ దిక్కు, నీ కన్ను ఓ దిక్కుంటె ఎట్ల కుదురుతది?” అని లోపటికి పిలిచి తలుపు దగ్గరకేసింది. కరెంటు పోయినప్పుడు వాడే టార్చి తెచ్చి ఆయన చెవికి ఆనిచ్చి పట్టుకున్నది. కన్ను, దీపం ఒక్కకాడికి వచ్చినయి.

“చెవి కాలుతుందే.”

“చెవితోని ఏం పని? రాయిని చూడు.”

సుక్క తేటగ కనబడ్డది. సూదితోని జర ఇటు, జర అటు నూకిండు. ఆరు కాళ్లూ సరిసమానంగ పరుసుకున్నయి. లక్క ఆరేదాక ఇద్దరూ ఊపిరి బిగవట్టిండ్రు.

లీలాబాయి ఉంగరం తొడుక్కొని కరీంనగర్ బస్సెక్కింది. కిటికీ పక్కన కూసుండి, టికెట్లు కొట్టే కండక్టరుకు గూడ చూపెట్టిందట. నెల తిరగకముందే మంచిర్యాల, ఆసిఫాబాద్ దిక్కు నుంచి జనం పాత ఉంగరాలు పట్టుకొచ్చుడు మొదలైంది. చానావరకు గాజుపెంకులే. కొన్నిటికి ఎనక తగరం అతికిచ్చి ఉండె. అంబదాసు ఉన్నదున్నట్టు చెప్పి పంపేటోడు. పదేండ్లల రెండే రెండు అసలు సుక్కలు దొరికినయి. ఆ రెండింటికీ టార్చి కమలవ్వే పట్టింది. ఆయనకు ‘సుక్కల అంబదాసు’ అని పేరు పడ్డది.

1992ల దుకాణం బోర్డు మీద ‘అంబదాసు, కమలవ్వ’ అని రాయిస్తుంటే, రెండో పేరు ఎందుకని పెయింటరు అడిగిండు.

“ఆమె లేకుంటె నాకు సుక్క కానరాదు,” అన్నడు అంబదాసు.

కమలవ్వ తలుపు సందుల నుంచి తొంగి చూసింది. “జర పెద్దగ రాయి కొడుకా, రోడ్డు అవుతలికి కనబడాలె.”