సాక్ష్యం చెప్పి తెచ్చుకున్న సీటు

ఇప్పుడు నా పేరు పక్కన బీఎస్సీ నర్సింగ్ అని ఉంది. ఆ చదువు చదువుతానని నేను మొదట అన్నప్పుడు నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. రక్తం చూస్తే నాకు కళ్ళు తిరిగేవి. ఇంటర్ చదివే రోజుల్లో నాన్న తాపీ పనిలో రేకు గీసుకుని కాలు తెగి ఇంటికొస్తే, ఆయన కంటే ముందు నేను గుమ్మంలో పడిపోయాను. ఇరుగుపొరుగువాళ్ళు మొదట నన్ను లేపి, ఆ తరవాత ఆయనకి కట్టు కట్టారు.

అయినా నర్సింగే కావాలనుకున్నాను. సేవాభావం అని చెప్పుకుంటే గౌరవంగా ఉంటుంది గానీ, అసలు కారణం మా ఊరు చిలకలపూడి, అక్కడి గిల్టు నగల పని. ఇంటర్ అయ్యాక ఏడాదిపాటు అమ్మ పక్కన కూర్చుని రోల్డ్ గోల్డ్ దుద్దులకి రాళ్ళు అతికించాను. ఆ పనితో అమ్మకి ముప్పై ఐదేళ్ళకే కళ్ళద్దాలొచ్చాయి. సీటు రాకపోతే ఆమె పక్కన నా పీట ఖాయం.

ఎంట్రన్సులో ర్యాంకైతే వచ్చింది, దానికి సీటొచ్చే యోగం లేదు. మిగిలిన దారి ఒక్కటే. ఒక మిషను ఆసుపత్రి కాలేజీవాళ్ళు చర్చి సంఘాల పిల్లలకి ఇంటర్వ్యూ పెట్టి కొన్ని సీట్లు ఇస్తారు. పాస్టరు ఉత్తరం ఉండాలి. మా పాస్టరు అయ్యగారు ఉత్తరంతో ఊరుకోలేదు. ఆయన చిన్నప్పుడు దివిసీమ ఉప్పెనలో చెట్టు పట్టుకుని బతికిన మనిషి. ఇంటర్వ్యూకి భయపడేవాళ్ళంటే ఆయనకి అర్థం కాదు.

“ఏముందమ్మా, గుళ్ళో సాక్ష్యం చెప్పినట్టే చెప్పెయ్. వారం వారం వింటున్నదేగా!” అన్నారు.

మా సంఘంలో సాక్ష్యానికి ఒక పద్ధతుంది. ముందు తప్పులన్నీ ఒప్పుకోవాలి, తరవాత దేవుడు ఎలా మార్చాడో చెప్పాలి. తాగుడు మానినవాళ్ళు లేస్తే అందరూ ముందుకి జరిగి వింటారు. ఎప్పుడూ తాగనివాళ్ళు లేస్తే పిల్లలు మంచినీళ్ళకి వెళ్తారు.

ఇంటర్వ్యూ రోజు అమ్మా నేనూ పొద్దున్నే గుడివాడ బస్సెక్కి, అక్కడ ఇంకో బస్సు మారాం. గదిలో ప్రిన్సిపాల్ మేడం, ఆవిడ పక్కన ఒక పెద్దాయన ఉన్నారు.

“నీ గురించి చెప్పమ్మా” అన్నారు మేడం.

లేచి నిలబడి “అందరికీ వందనాలండీ” అన్నాను. ఇక నోరు ఆగలేదు. ఫిజిక్సు బొటాబొటీగా గట్టెక్కిన సంగతి, రక్తం సంగతి, నాన్న కాలి సంగతి, అందరూ ముందు నన్ను లేపిన సంగతి, ఏదీ దాచలేదు. ఆ తరవాత దేవుడు వచ్చి నన్ను మార్చెయ్యాలి. నా విషయంలో ఆ భాగం ఇంకా జరగలేదని అప్పుడు గుర్తొచ్చింది. కల్పించి చెబుదామంటే, సాక్ష్యంలో అబద్ధం ఆడకూడదు.

“తరవాత?” అన్నారు మేడం.

“తరవాతేం లేదండీ. ఇప్పటికీ పడిపోతానండీ.”

పెద్దాయన దగ్గు తెచ్చుకుని నవ్వు దాచుకున్నారు. మేడం నవ్వలేదు. “మరెందుకొచ్చావు?”

“ఇంటి దగ్గరుంటే రాళ్ళు అతికించాలండీ. పడితే ఇక్కడే పడతానండీ, లేవడం మీరు నేర్పుతారు కదా.”

బయటికొచ్చి చెప్తే అమ్మ తల పట్టుకుంది. “సీటు అడిగి రమ్మంటే పాపాలు ఒప్పుకొచ్చావుటే!” తిరుగు బస్సులో గుడ్లవల్లేరు దాటేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. అయ్యగారి మీద కోపం కూడా వచ్చింది.

వారానికి సీటొచ్చింది. చేరిన రోజు మేడం నన్ను గుర్తుపట్టి, “పడిపోతామని ముందే చెప్పినవాళ్ళని గోడ పక్కన నిలబెట్టుకుంటాం. చెప్పనివాళ్ళే మా మీద పడతారు” అన్నారు. అక్షరాలా నిజం. మొదటిసారి ఆపరేషన్ థియేటర్లో నేను గోడకి అతుక్కుని నిలబడితే, పుట్టినప్పటినుంచీ సేవే నా కల అని చెప్పుకునే క్లాస్‌మేటు వచ్చి నా మీద పడింది. ఆ ఏడాది నా వంతుకి నేనూ మూడుసార్లు పడ్డాను. పరీక్షలన్నీ పాసైనా, వార్డులో నిలబడలేని నర్సుకి మార్కులెందుకని భయంగానే ఉండేది.

మూడో ఏడు ప్రసూతి వార్డు. ఒక మధ్యాహ్నం కాన్పయిన ఒకావిడకి రక్తం ఆగలేదు. డాక్టరమ్మా సిస్టర్లూ సూదిమందులూ సెలైనూ అంటూ పరుగులు పెడుతున్నారు. ఆ రోజు మాతోపాటు వార్డుకొచ్చిన మేడం నా చెయ్యి లాగి ఆవిడ పొట్ట మీద పెట్టారు.

“గట్టిగా రుద్దుతూ ఉండు. గర్భసంచి బిగిస్తేనే రక్తం ఆగుతుంది, పొట్ట గట్టిపడేదాకా చెయ్యి తియ్యకు.”

రక్తం నా చెప్పుల దాకా వచ్చింది. గోడ దూరంగా ఉంది. చెవుల్లో హోరు మొదలైంది. ఆవిడ నా మణికట్టు పట్టుకుని, “ఎక్కడికీ వెళ్ళకమ్మా” అంది.

“వెళ్ళనండీ” అన్నాను. అంత భయం నాకు మళ్ళీ ఎప్పుడూ వెయ్యలేదు. భయపడుతూనే రుద్దాను. ఎంతసేపో తెలీదు, చేతి కింద పొట్ట మెల్లిగా గట్టిపడింది. రక్తం ఆగింది.

మేడం చేతులు కడుక్కుని వచ్చి, ఒక స్టూలు నా వెనక్కి జరిపారు.

“పనైపోయింది. ఇప్పుడు పడాలనుంటే పడు.”

బాలింత ఇంకా నా మణికట్టు వదల్లేదు. స్టూలు మంచం దగ్గరికి లాక్కుని, ఆవిడ పక్కనే కూర్చున్నాను.