వెలివేసిన ఇంట్లో రెండు ఓట్లు

మా ఊరి అభివృద్ధికి ఒక కమిటీ ఉంది. పంచాయతీ వేరు, ఇది వేరు. పంచాయతీని ప్రభుత్వం పెట్టింది కాబట్టి దానికి ఎవరూ భయపడరు. కమిటీని మాకు మేమే పెట్టుకున్నాం కాబట్టి అందరం భయపడతాం. కోతులు పట్టేవాళ్లను పిలిపించడం దగ్గర్నుంచి అన్నదమ్ముల గొడవలో ఎవరు జుర్మానా కట్టాలో తేల్చేదాకా అన్నీ వాళ్ల చేతిలోనే. నిరుడు వానాకాలం ముందు ఆ అభివృద్ధి నడుచుకుంటూ మా బావి దాకా వచ్చింది.

మా పొలం ఊరి బయట, మేడిపల్లి నుంచి కోరుట్ల పోయే తోవలో ఉంది. పొలం పక్క నుంచి ఒక బండ్ల బాట లోపలికి పోతుంది. ఆ బాట అంచునే బావి. తవ్వించింది మా మామ, మోటారు బిగించింది మస్కట్‌లో పనిచేసే మా ఆయన. మా మెరక మీదికి కాలువ నీళ్లు ఎక్కవు. వానాకాలం పంట దేవుడి దయ, యాసంగి పంట బావి దయ. బావి లేకపోతే మా రెండెకరాలు మేకలు మేసే బీడు. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకుంటే మిగతా రాజకీయమంతా ఇట్టే అర్థమైపోతుంది.

బాట చివర పాత దొరల భూమి ఉంది. దొరవారి మనుమడు దాన్ని ప్లాట్లు చేశాడు. తెల్ల రంగు వేసిన రాళ్లు పాతి, రంగురంగుల జెండాలు కట్టి, రోడ్డు మీద పెద్ద బోర్డు పెట్టాడు. బోర్డులో ఈత కొలను, కొలను పక్కన నల్ల కళ్లద్దాలు పెట్టుకుని పడుకున్న ఒక అమ్మాయి. మా ఊరికి నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. ఆ అమ్మాయికి ఎవరైనా చెప్తే బాగుండేది.

ప్లాట్లు అమ్ముడుపోవాలంటే బాట వెడల్పు కావాలి. ఏ పక్కకు వెడల్పు చేయాలన్నదాని మీద కమిటీ ఎంతో నిష్పక్షపాతంగా ఆలోచించింది. అటు పక్క భూమి కమిటీ అధ్యక్షుడిది కాబట్టి ఇటు పక్కే న్యాయంగా తోచింది. ఇటు పక్క అంటే మా రెండు గుంటల భూమి, బావితో సహా. బదులుగా దొరవారి మనుమడు ఊరి మొదట్లో తాత పేరు మీద కమాను కట్టిస్తానన్నాడు. కోటలాంటి ఆ తాత గడి ముందు నుంచి పోయేటప్పుడు మా మామ చెప్పులు విప్పి చేతిలో పట్టుకునేవాడట. ఇక ఆయన పేరు కింద నుంచి మేమంతా చెప్పులేసుకునే నడవొచ్చు. ఇది అభివృద్ధి కాకపోతే మరేమిటి.

నన్ను కమిటీ ముందుకు పిలిచారు. అధ్యక్షుడు ఎంతో మర్యాదగా మొదలుపెట్టాడు.

"వదినె, ఊరి కోసం అడుగుతున్నం. రెండు గుంటలకు నువ్వేం బికారివి అయితవా?"

"ఊరి కోసమైతె ఇస్త. గా ప్లాట్ల కోసమైతె ఇయ్య. బాట అటు దిక్కు జరుపుండ్రి, గక్కడ బాయి గూడ లేదు" అన్నాను.

అటు దిక్కు ఎవరి భూమో గుర్తొచ్చి అందరూ గోడ మీది క్యాలెండర్ చూడటం మొదలుపెట్టారు. ఆడదానితో మాట్లాడి లాభం లేదని ఒకాయన అక్కడికక్కడే మా ఆయనకు వీడియో కాల్ చేశాడు. మా ఆయన పని చేసే చోట నుంచే, తల మీద హెల్మెట్‌తో కనబడ్డాడు. అంతా విని, "భూమి నా పేరు మీద లేదు, ఆమె పేరు మీదున్నది. ఆమెనే అడుగుండ్రి" అని ఫోన్ పెట్టేశాడు. ఇరవై ఏళ్ల కాపురంలో ఆయన నోటి నుంచి ఇంత చక్కటి మాట నేను వినలేదు. అది కూడా నాతో అనలేదు, కమిటీతో అన్నాడు.

మర్నాడు పొద్దున మైకులో చెప్పారు. మా ఇంటిని వెలివేశారు. మాతో మాట్లాడినవారికి, మాకు సామాను అమ్మినవారికి, మా పొలంలో కూలికి వచ్చినవారికి జుర్మానా. ఎవరు మాట్లాడారో చూసి చెప్పినవారికి అందులో వాటా. మా ఊళ్లో ఆడవాళ్లకు ఉపాధి లేదని ఎవరన్నారు?

నాట్లకు ఊరి కూలీలు రాలేదు. బీహార్ నుంచి వచ్చిన ముఠాతో వేయించాను. వాళ్లకు తెలుగు రాదు, నాకు హిందీ రాదు, కాబట్టి మాట్లాడుకున్నామని నేరం మోపడానికి కమిటీకి సందు దొరకలేదు. ఉప్పు నుంచి సబ్బు దాకా కోరుట్లకు పోయి తెచ్చుకున్నాను. పక్కింటావిడ మంచిది. నాకేమైనా చెప్పాలనుకుంటే తన బర్రెతో చెప్పేది. "ఓ బర్రె, రేపు కరెంటు రాదట, ఇయ్యాల్నే మడి తడుపుకోవాలె" అని గట్టిగా అనేది. ఆ బర్రెకు మడి లేదు. అయినా ఊళ్లో కబుర్లన్నీ ఆ అయిదు నెలలూ ఆమె దానికి చెప్పినంతగా ఏ మనిషికీ చెప్పలేదు.

ఇంట్లో మాటకు మిగిలింది మా అత్త. పొద్దంతా బీడీలు చుడుతూ కూర్చుంటుంది. పెళ్లయిన నాటి నుంచీ నన్ను తిట్టడం తప్ప ఆమెకు నాతో వేరే పని ఉండేది కాదు. వెలి పడ్డాక ఆ తిట్లే నాకు చెవులకింపుగా ఉండేవి. ఒక రోజు ఆమెకు జ్వరమొచ్చి తిట్టలేదు, నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

సిరిసిల్ల నుంచి మా తమ్ముడు వచ్చాడు. అక్కడి మరమగ్గాల సాంచల మీద పనిచేస్తాడు, కోపం ఎక్కువ. నన్ను జగిత్యాలలో ఒక వకీలు దగ్గరికి తీసుకుపోయాడు. వెలివేయడం నేరమనీ, ఫిర్యాదు ఇస్తే కమిటీ అంతా కోర్టు మెట్లెక్కుతుందనీ వకీలు చెప్పాడు. ఫిర్యాదు రాసి కూడా ఇచ్చాడు. నేను దాన్ని సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చి, బీరువాలో చీరల కింద దాచాను.

"ఎందుకియ్యవు అక్కా? భయమా?" అన్నాడు తమ్ముడు.

భయం కాదు. కేసు గెలిస్తే వాళ్లకు శిక్ష పడుతుందేమో గానీ, నాతో మాట్లాడాలని ఏ జడ్జీ రాసివ్వడు కదా.

ఇప్పటిదాకా నవ్వుతూ చెప్పాను గానీ బతుకమ్మ నాడు మాత్రం నాకు నవ్వు రాలేదు. తంగేడు, గునుగు పూలు కోరుట్ల దాకా పోయి తెచ్చి పేర్చాను. ఆడే చోటికి తీసుకుపోయి అందరి బతుకమ్మల పక్కన పెట్టాను. పాట ఆగలేదు, ఆట ఆగలేదు. ఆడవాళ్లు ఎవరి బతుకమ్మ వాళ్లు ఎత్తుకుని నాలుగు అడుగులు అవతలికి జరిగి మళ్లీ మొదలుపెట్టారు. వాళ్లలో అధ్యక్షుడి భార్య కూడా ఉంది. నేనూ ఆమే పదిహేనేళ్లు పక్కపక్కన నిలబడి నాట్లు వేశాం, ఒకే ముంత నీళ్లు తాగాం. నన్ను అక్కా అంటుంది. ఆమె నావైపు చూడలేదు. ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. మా అత్త చుట్టే బీడీ ఆపింది గానీ తిట్టలేదు.

అంతలో చలికాలం వచ్చింది, దానితో పాటు సర్పంచు ఎన్నికలు. మా ఊరు ఆడవాళ్లకు రిజర్వు అయింది. అంటే భార్యలు నిలబడతారు, భర్తలు గెలుస్తారు. కమిటీ తరఫున అధ్యక్షుడి భార్యను నిలబెట్టారు, గుర్తు ఉంగరం. ఎదురు పార్టీ ఇంకొకామెను నిలబెట్టింది, గుర్తు కత్తెర. పోస్టర్లలో ఇద్దరాడవాళ్లూ చిన్నగా ఒక మూలన ఉన్నారు, మొగుళ్లు మాత్రం నిండుగా ఉన్నారు. గెలిస్తే మా వెలి ఎత్తేస్తామని కత్తెరవాళ్లు ఎవరితోనో అన్నారట. అది కూడా నాకు బర్రె ద్వారానే తెలిసింది.

పోటీ గట్టిగా ఉందనీ, పది ఓట్లు అటూ ఇటూ అయితే ఫలితం మారుతుందనీ లెక్క తేలింది. అప్పుడు ఊరికి గుర్తొచ్చింది, వెలివేసిన ఇంట్లో రెండు ఓట్లున్నాయని. మాట్లాడకుండా ఓటెట్లా అడగాలి? కమిటీ కూర్చుని పొద్దుగూకేదాకా చర్చించి, దండం మాట కిందికి రాదని తీర్మానించింది.

ముందు కత్తెరవాళ్లు వచ్చారు. కమిటీకి ఎదురు పార్టీయే అయినా జుర్మానా అంటే వాళ్లకూ భయమే. అరుగు ముందు వరసగా నిలబడి దండం పెట్టారు. కరపత్రాలు ఇంకా రాలేదేమో, అభ్యర్థి మరిది రెండు వేళ్లు ముందుకు చాచి మూసి తెరిచి చూపించాడు. మా అత్తకు చూపు తక్కువ. "ఏంది కొడుకా, బీడీ కావాల్నా?" అని ఒకటి తీసి ఇచ్చింది. వాడు మాట్లాడలేడు, వద్దనలేడు. తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు ఉంగరంవాళ్లు వచ్చారు. అధ్యక్షుడు తన చేతి వేలు పైకెత్తి, దానికున్న బంగారు ఉంగరాన్ని అటూ ఇటూ తిప్పి చూపించాడు. "మాకే ఇస్తున్నవా బిడ్డా? నీ కడుపు సల్లగుండ" అని మా అత్త చెయ్యి చాపింది. ఈసారి చూపు తక్కువై కాదని నాకు తెలుసు. ఆయన వేలు ముడుచుకుని గబగబా పక్కింటికి పోయాడు. వెనక ఆయన భార్య, మెడలో పూలదండతో, నేల చూస్తూ నడిచింది.

రెండు రోజుల తర్వాత పట్టపగలు నేను బావి దగ్గర మోటారు ఆన్ చేసి మడికి నీళ్లు పోయే పిల్లకాలువ సవరిస్తున్నాను. ప్రచారానికి పోయేవాళ్లంతా అన్నాలు తినడానికి ఊళ్లోకి పోయిన వేళ. కాళ్లు కడుక్కునే నెపంతో అధ్యక్షుడి భార్య ఒక్కతే వచ్చింది. పైపు కింద కాళ్లు పెట్టి, తల ఎత్తకుండా అంది.

"అక్కా, నాకు ఓటెయ్యకు."

నేను పార గట్టు మీద పెట్టాను.

"నేను గెలిస్తె నీ బాయి పోతది. పేరే నాది, కుర్సీ ఆయనది. కాయితం తెచ్చి సంతకం పెట్టుమంటడు. నేను పెడ్త. పెట్టనని చెప్పే ధైర్యం నాకు లేదక్కా. నీకు ఎరుకే గద."

బుద్ధి ఉన్న మనిషైతే కాయితం సంగతి అడగాలి, ఎప్పుడు, ఎట్లా అని ఆరా తీయాలి. నేను అవేవీ అడగలేదు.

"ఇంకేమన్న మాట్లాడు చెల్లె" అన్నాను.

ఆమె నా మొహం చూసి, గట్టు మీద కూర్చుంది. మోకాళ్లు నొస్తున్నాయని చెప్పింది. బిడ్డ కోరుట్లలో ఇంటర్ చదువుతోందనీ, ఫోన్ వదలదనీ చెప్పింది. ఎర్రావు ఈసారి పెయ్యదూడను ఈనిందట. ప్రచారంలో పొద్దంతా దండాలు పెట్టీ పెట్టీ రాత్రి అన్నం కలుపుకోవడానికి కూడా చేతులు లేవడం లేదట. నేను నవ్వాను. ఒక మనిషి చెప్తే నేను నవ్వి ఎన్నాళ్లయిందో. ఎవరో మోటార్‌సైకిల్ మీద వస్తున్న చప్పుడు వినబడి లేచి, కొంగుతో కాళ్లు తుడుచుకుని పోయింది. అధ్యక్షుడి భార్యకు జుర్మానా వేయాలంటే రసీదు ఎవరు రాస్తారో నాకు తెలియదు.

ఓటు రోజు బడిలో వరసలో నిలబడ్డాను. నా ముందొకరు, వెనకొకరు, మధ్యలో నా చుట్టూ ఎడ్ల బండి తిరిగేంత జాగా. లోపలికి పోయి కాగితం విప్పాను. కత్తెర మీద ముద్ర వేస్తే బావి ఉండొచ్చు, వెలి పోవచ్చు. అంత తెలివి నాకుంది, ఇంటర్ దాకా చదువుకున్నదాన్ని. అయినా నా చెయ్యి ఉంగరం మీదికి పోయింది. అయిదు నెలల్లో ఈ ఊళ్లో నన్ను మనిషిలా చూసి మాట్లాడింది ఆమె ఒక్కతే. నాకు వేరే కారణం లేదు. తర్వాత వెతికినా దొరకలేదు.

తొమ్మిది ఓట్లతో ఆమె గెలిచింది. దండలన్నీ అధ్యక్షుడి మెడలో పడ్డాయి. మెడ నిండాక మిగిలినవి ఆమెకిచ్చారు. మా అత్త ఎవరికి వేసిందో అడిగితే, "బీడీ తీస్కపోయినోనికి" అంది.

వారం తిరక్కముందే మైకులో మళ్లీ చెప్పారు. మా ఇంటి వెలి ఎత్తేశారు. గెలిచిన సంతోషంలో పెద్ద మనసు చేసుకున్నారని ఊరంతా అనుకుంది. అసలు సంగతి, ఇక వాళ్లకు నా ఒప్పుదల అక్కర్లేదు. ఆ బాట మొదటి నుంచీ వెడల్పుదేననీ, బావే బాటలోకి వచ్చిందనీ పంచాయతీ తీర్మానం చేసింది. పాపం, మా మామ తవ్వించిన బావికి కాళ్లొచ్చిన సంగతి నాకు తెలియలేదు. వకీలుకు ఫోన్ చేస్తే స్టే తెస్తానన్నాడు. స్టే కంటే జేసీబీ ముందు వచ్చింది.

నేను పోయేసరికి బావిని సగం దాకా మొరం పోసి పూడ్చేశారు. మోటారు తీసి గట్టు మీద పెట్టారు, అంతవరకు దయ. ఊరంతా అక్కడే ఉంది, అందరూ నాతో మాట్లాడారు. అన్నం తిన్నావా అన్నారు, మా ఆయన ఎప్పుడొస్తున్నాడన్నారు. బోరు వేసుకోమన్నాడొకాయన, నీళ్లెక్కడ పడతాయో తెలిసినవాడిలా. ఆ మాటల కోసమే కదా అయిదు నెలలు మొహం వాచిపోయాను. ఇప్పుడు ఒక్కటీ చెవికెక్కలేదు.

సర్పంచు వచ్చింది. మొగుడు చూస్తున్నా ఆగకుండా జనాన్ని తప్పించుకుని నా పక్కకు వచ్చి నిలబడింది. ఇద్దరం బావిలో మొరం పడడం చూశాం.

"తీర్మానం మీద సంతకం నాదే అక్కా" అంది.

"ఎరుకే" అన్నాను. "నీకేసిన ఓటు గూడ నాదే."