మా అమ్మ నోట రాని పేరు

నాకు మా అవ్వ పేరు పెట్టారు. అంటే మా నాయనను కన్న తల్లి పేరు. నన్నడిగి పెట్టలేదు కాబట్టి అందులో నా తప్పేమీ లేదు, కానీ అనుభవించింది మాత్రం నేనే. మా వైపు కోడలు అత్త పేరు నోటితో పలకదు. పలికితే అత్తకు ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ గట్టిగా నమ్మేది. అందుకని పుంగనూరులో మా ఇంట్లో నాకు పేరుండీ లేనట్టే. మామూలప్పుడు 'పాపా', కోపమొస్తే 'ఒసే'. ఆ పేరేమిటో ఇక్కడ కూడా రాయను. మా ఊర్లలో వీధికి ఇద్దరుంటారు ఆ పేరున్నవాళ్లు. రాస్తే అందరూ తమ గురించే అనుకుని కొట్లాటకొస్తారు.

పక్కింటి పిల్లల్ని వాళ్లమ్మలు పేరు పెట్టి, సాగదీసి, వీధి చివరిదాకా వినపడేట్టు పిలుస్తుంటే నాకు కడుపు మండేది. ఆరో తరగతిలో ఒకసారి సమ్మె కట్టాను. పేరు పెట్టి పిలిస్తేనే పలుకుతానని అరుగు మీద బిగుసుకుని కూర్చున్నాను. అమ్మ 'పాపా' అంది, 'అమ్మీ' అంది, 'మా తల్లీ' అంది. నేను ఉలకలేదు, పలకలేదు. చివరికి గోడవైపు తిరిగి, "దోసె సల్లారిపోతాండాది. తినేవాళ్లు తినొచ్చు" అంది. నా సమ్మె అక్కడితో ముగిసింది.

అవ్వ దగ్గర కూడా మొరపెట్టుకున్నాను. "నువ్వన్నా సెప్పవ్వా, అమ్మను పేరు పెట్టి పిలవమని. నీ పేరే గదా."

అవ్వ వక్కాకు ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చి, "నేనేమన్నా వద్దంటినా? దాని నోరు, దాని ఇష్టం" అంది.

"నువ్వూరికే ఉండత్తా, దానికి మాటలెక్కువయినాయి" అని వంటింట్లోంచి అమ్మ.

అసలు చిక్కేమిటంటే, మా పేరున్నవాళ్లు మామూలు మనుషులు కారు. మదనపల్లెలో పేరుమోసిన కాన్పుల డాక్టరమ్మది మా పేరే. మా స్కూల్లో హిందీ టీచరుదీ మా పేరే. వాళ్ల గురించి మాట్లాడకుండా ఇంట్లో రోజు గడవదు, అమ్మేమో పేరు పలకదు. అందుకని ఆమె భాషలో డాక్టరు 'మదనపల్లె ఆయమ్మ', టీచరు 'హిందీ ఆయమ్మ'. నిమ్మనపల్లె నుంచి వచ్చిన మా అమ్మమ్మ వాళ్లు "యా ఆయమ్మ?" అని అడిగితే గాల్లో సూది పొడిచి ఒకరిని, బెత్తం ఊపి ఇంకొకరిని చూపించేది. చూసినవాళ్లకు ఆ ఆయమ్మలిద్దరూ కొట్టేవాళ్లే అనిపించేది.

హిందీ ఆయమ్మ నిజంగానే కొట్టేది. మా వీధిలోని సాయిబుల పిల్లలు ఆమె హిందీకి నవ్వేవాళ్లు, ఆమె వాళ్ల ఉర్దూకు నవ్వేది. అయినా వాళ్లతో సహా ఊళ్లో ఇంతమందికి హిందీ అక్షరాలు వచ్చాయంటే ఆమె బెత్తం చలవే. నేను తప్పు రాసిన రోజు మాత్రం ఆమెకు పూనకమొచ్చేది. "నా పేరు పెట్టుకుని నా సబ్జెక్టులోనే సున్నానా!" అని అందరికంటే నాకొక దెబ్బ ఎక్కువ పడేది. ఆ కోపానికే నేను హిందీ బాగా నేర్చుకున్నాను.

అవ్వకు మాత్రం వీళ్లందరూ సొంత మనుషుల కిందే లెక్క. "మా పేరుండేటోళ్లు యాడున్నా పైకొస్తారు" అని అరుగు మీద కూర్చుని గొప్పలు పోయేది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. పుంగనూరులో డాక్టర్లు లేకపోలేదు, కానీ అవ్వకు మదనపల్లె ఆయమ్మే కావాలి.

"కాన్పుల డాక్టరమ్మకు మోకాళ్లతో ఏం పనిమా?" అని నాయన తల పట్టుకునేవాడు.

"ఆడోళ్ల నొప్పి ఆడోళ్లకే తెలుస్తాది. నీకేం తెలుసురా?" అనేది అవ్వ.

మేం ముగ్గురు ఆడవాళ్లం బస్సెక్కి మదనపల్లె పోయేవాళ్లం. ఆసుపత్రి ముందు అవ్వ ఆగి, చేతికర్ర ఎత్తి బోర్డు చూపించేది. ఆమెకు చదువు రాదు.

"సదువు" అనేది నాతో.

నేను పేరు, దాని వెనకున్న డిగ్రీలన్నీ గడగడా చదివేదాన్ని.

"ఇంకోసారి. ఆ ఇంగ్లీషు యాల? పేరు వరకు సదువు."

మళ్లీ చదివేదాన్ని. ఆసుపత్రికి వచ్చినామా, గుడికి వచ్చినామా అని నాకు నవ్వొచ్చేది.

మొదటిసారి పోయినప్పటి వ్యవహారం మా ఇంట్లో ఎన్నేళ్లయినా చెప్పుకునేవాళ్లం. నర్సు అమ్మను అడిగింది, "పేషెంటు పేరేందమ్మా?"

అమ్మ గోడ మీది బోర్డు చూపించింది.

"డాక్టరమ్మ లోపల ఉండారు. నేనడిగేది పేషెంటు పేరు."

"పేషెంటుదీ అదే."

"అట్లనా? ఈ పాప పేరు?"

"అదీ అదే."

నర్సు మా ముగ్గురినీ పైనుంచి కిందికి చూసింది. "ఏమ్మా, మీ ఇండ్లల్లో ఇంకో పేరే దొరకలేదా?" అంది. చివరికి నేనే చెప్పాను, అమ్మ చెవులు మూసుకోవడమొక్కటే తక్కువ.

మా వంతు వచ్చాక నర్సు తలుపు దగ్గర నిలబడి అవ్వను పేరు పెట్టి పిలిచింది. అవ్వ కదల్లేదు. మళ్లీ పిలిచింది. ఇంకా గట్టిగా పిలిచింది. అప్పుడు "వస్తాండానమ్మా, వస్తాండా" అని నింపాదిగా లేచింది. ప్రతిసారీ ఇదే తంతు. అత్తకు చెవుడు మొదలయిందని అమ్మ దిగులుపడేది. నాకు నమ్మకం కుదిరేది కాదు. పెరట్లో కూర్చుని వంటింట్లో పాలు పొంగేది కనిపెట్టే మనిషికి చెవుడేమిటి?

అవ్వకు పెద్దపంజాణిలో ఒక అక్క ఉండేది. ఆమె వస్తే వీధి మలుపులోనే తెలిసిపోయేది. అక్కడినుంచే మా పేరు పెట్టి కేక వేసేది. నేనూ అవ్వా ఇద్దరమూ వాకిట్లోకి పరుగు. "నిన్ను గాదే, ఆ ముసల్దాన్ని" అని నా ఒళ్లో చెనక్కాయలు పోసేది. అక్కా చెల్లెళ్లు అరుగు మీద కూర్చుని, పుట్టింటి గొడవలన్నీ తవ్వి తలకెత్తుకునేవాళ్లు. నేను డిగ్రీలో ఉండగా ఆ పెద్దవ్వ పోయింది. ఆ తర్వాత అవ్వకు మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాయి. మదనపల్లె ప్రయాణాలూ ఎక్కువయ్యాయి.

రెండు వేల సంవత్సరం దాటాక మా పేరుకు ఇంకో గొప్ప వచ్చింది. పుంగనూరు నుంచి కుప్పం పోయే బస్సుకు ఆడ కండక్టరు వచ్చింది. ఆమెదీ మా పేరే. అమ్మకు ఆమె 'బస్సు ఆయమ్మ'. అవ్వ ఆగుతుందా? వెంకటగిరికోటలో ఎప్పుడూ తలవని చుట్టాలను గుర్తుచేసుకుని నన్ను వెంటబెట్టుకుని ఆ బస్సెక్కింది.

"నీ పేరేందమ్మా?" తెలిసీ అడిగింది.

కండక్టరు చెప్పింది.

"నాదీ అదేనమ్మా!"

"అట్లనా అవ్వా! శానా సంతోషం. రోంత లోపలికి జరుగవ్వా, జనాలు ఎక్కల్ల."

అవ్వ మొహం చిన్నబోయింది. కిటికీ సీటు దొరకనందుకేమో అనుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు నాకు కుప్పంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం వచ్చింది. అదీ హిందీ టీచరుగా. హిందీ ఆయమ్మకు చెబితే నవ్వి, బెత్తం ఇవ్వనా అంది. ఇకమీద అక్కడ ఏ కోడలి నోట్లోనో నేనూ ఒక 'ఆయమ్మ'ను అవుతానని నాకు నవ్వూ వచ్చింది, ఉక్రోషమూ వచ్చింది. పెట్టె సర్దుతూ అమ్మను అడిగేశాను.

"పోయేముందు ఒక్కసారన్నా పేరు పెట్టి పిలువుమా. నీ నోట వినాలని ఉండాది."

అమ్మ చేతిలోని చీర మడత ఆపింది. ఈసారి కసురుకోలేదు. "అత్త వయసు సూడు పాపా. ఈ వయసులో నేను నోరు జారి, రేపు ఆమెకేమన్నా అయితే నా జన్మంతా అదే కుమిలిపోతా. నన్ను అడగొద్దు" అంది. ఇన్నేళ్లూ మొండితనం అనుకున్నది భయమని అప్పుడు తెలిసింది. ఇక అడగలేదు.

మరునాడు బస్టాండుకు అవ్వ కూడా వచ్చింది. సిమెంటు బెంచీ మీద కూర్చుని అందరికీ వినపడేట్టు నాకు బుద్ధులు చెప్పింది. అమ్మ ఓళిగల డబ్బా, చట్నీ పొడి, దిండు, ఇంకా ఏవేవో అందించింది. అన్నీ సర్దుకుని అవతలి వైపు కిటికీ దగ్గర కూర్చున్నాను. ఆ బస్సులో కండక్టరు బస్సు ఆయమ్మే. విజిల్ వేసింది. బస్సు వెనక్కి తిరుగుతోంది.

నా సర్టిఫికెట్ల సంచి అవ్వ పక్కన బెంచీ మీదే ఉండిపోయింది. ఒరిజినల్స్ లేకుంటే చేర్చుకునేది లేదని హెడ్మాస్టరు ముందే చెప్పాడు. అమ్మ చూసింది. సంచి పట్టుకుని బస్సు వెంట పరుగెత్తింది.

"పాపా! పాపా!"

బస్సులో సగం మంది పాపలే. ఎవరినో పిలుస్తున్నారనుకుని నేను తిరగలేదు. బస్సు గేటు దగ్గరికి వచ్చేసింది.

అప్పుడు వినిపించింది. నా పేరు. పక్కింటి అమ్మలకు మల్లే సాగదీసి, కడుపులోంచి, బస్టాండు దద్దరిల్లేట్టు. ఆ గొంతు మా అమ్మదని గుర్తుపట్టడానికి నాకు క్షణం పట్టింది.

నేను ఎగిరి లేచి, అడ్డమున్నవాళ్లను తోసుకుని ఇవతలి కిటికీలోంచి తల బయట పెట్టి "మా!" అన్నాను. కండక్టరు విజిల్ వేసి బస్సాపి, "ఏందమ్మా, నన్నేనా?" అంది. వెనక బస్టాండు బెంచీ మీదినుంచి ఇంకో గొంతు లేచింది.

"ఆఁ! వస్తాండా!"

అవ్వ. చేతికర్ర బెంచీకి ఆనించినట్టే ఉంది. ఆమె మాత్రం గబగబా నడిచి వస్తోంది.

బస్సంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. అమ్మ ఒక్కతే నవ్వలేదు. సంచి నా చేతికిచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అత్తా, తప్పయిపోయింది. నోరు జారింది" అంది.

"ఎవురే తప్పనింది?" అవ్వ రొప్పుతూ అమ్మ భుజం పట్టుకుంది. "మా అక్క పోయినాక నన్ను ఆ పేరుతో పిలిచిన మనిషే లేదే. మీ మామ బతికినన్నాళ్లూ 'ఏమే' అనే పిలిచె. మిగిలినోళ్లందరికీ అవ్వను, అత్తను. ఆ నర్సు నోట వినేదానికి గాదా నేను మదనపల్లెకు పోయేది?"

నేను కిటికీలోంచి ఇంకొంచెం బయటికి వంగాను.

"ఇంకోసారి పిలువు" అంది అవ్వ.

కండక్టరు విజిల్ నోటి దాకా తెచ్చుకుని ఆగిపోయింది. అమ్మ నావైపు చూసింది, అత్తవైపు చూసింది. కొంగు నోటి మీదినుంచి తీసి, ఈసారి మెల్లగా పిలిచింది.

ఎన్నేళ్లుగానో ఎదురుచూసిన పిలుపు. నేను పలకలేదు. అవ్వ పలికింది.