కుళాయి చప్పుడు

లోకమంతా సెలవులెప్పుడొస్తాయా అని చూస్తుంటే, మా ఆయన మాత్రం అవెప్పుడు పోతాయా అని చూస్తాడు. ఆయన లిఫ్టు మెకానిక్. సెలవుల్లో ఇళ్ళన్నీ చుట్టాలతో కిటకిటలాడతాయి. నలుగురెక్కే లిఫ్టులో పెట్టెలతో సహా ఏడుగురెక్కుతారు, అది మధ్యలో మొరాయిస్తుంది. తోటి మెకానిక్కులేమో సెలవు పెట్టి చక్కా పోతారు. ఫోన్లన్నీ ఈయన నెత్తినే. అన్నం ముందు కూర్చుంటే ఒక కన్ను కంచం మీద, ఇంకో కన్ను ఫోను మీద.

ఈసారి ఇంకొకటి తోడైంది. ఫోను మోగితే చాలు, ఆయనకి గుండె దడదడలాడి ఊపిరి అందడం లేదు. డాక్టరు పరీక్షలన్నీ చేయించి, గుండెకేం కాలేదు, ఇది ఆందోళన, విశ్రాంతి తీసుకోమన్నాడు. సెలవుల్లో లిఫ్టు మెకానిక్కుకి విశ్రాంతట. నాకు ఒళ్ళు మండింది. అది వచ్చినప్పుడల్లా ఆయన బాత్‌రూంలోకి వెళ్ళి, తన రొప్పు బయటికి వినపడకుండా కుళాయి తిప్పేవాడు. బకెట్టు నిండి పొర్లిపోతున్నా కట్టేవాడు కాదు.

"మీ అన్నయ్యకి మాత్రం చెప్పకు," అని నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

ఎందుకంటే అన్నయ్య, వదినతో సహా సెలవులకి మా ఇంట్లోనే దిగాడు. మనసు వెన్నే, నోటికే తాళం లేదు. ఎవరికైనా పేరు పెట్టాడంటే అది జన్మకి వదలదు. ఎప్పుడో బస్టాండులో కళ్ళనీళ్ళు పెట్టుకున్న పాపానికి మా పిన్ని ఇప్పటికీ చుట్టాలందరికీ వానపిన్ని. తనకి ఏం పేరు పెడతాడోనని మా ఆయన బెంగ. ఆ బెంగతో కుళాయి ఇంకో రెండుసార్లు ఎక్కువ తిరిగేది.

ఒక సాయంత్రం అన్నయ్య కూరగాయలు తెస్తూ మా బిల్డింగు లిఫ్టులోనే ఇరుక్కుపోయాడు. మాది నాలుగో అంతస్తు. అది మూడుకీ నాలుగుకీ మధ్య ఆగింది. కేక వినపడగానే నేనూ, మా ఆయనా, వదినా లిఫ్టు తలుపు దగ్గరికి పరిగెత్తాం.

మొదట లోపల్నించి జోకులు. "బావగారూ, కాపరం ఇక్కడే పెట్టేస్తున్నా. కూరలు కూడా ఉన్నాయి." కాసేపటికి అవి ఆగాయి. "చెల్లాయ్, గాలాడట్లేదే," అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

మా ఆయనకొక పద్ధతుంది. ఎక్కడికెళ్ళినా ముందు పనిముట్లు తియ్యడు. లిఫ్టు తలుపు ముందు గొంతుక్కూర్చుని "నేనిక్కడే ఉన్నాను" అంటాడు. ఆ తర్వాత చెయ్యబోయేది ఒక్కొక్కటీ ముందే చెబుతాడు. కరెంటు తీస్తాను, చీకటవుతుంది, పైన చక్రం చేత్తో తిప్పుతాను, కొంచెం ఊగుతుంది. చెప్పకుండా ఏదీ చెయ్యడు. ఇంటి మనిషి అనేసరికి ఆ రోజు బుర్ర పనిచెయ్యలేదు. ఒక్క మాటా చెప్పకుండా డాబా మీది మోటారు గదికి పరిగెత్తి కరెంటు తీసేశాడు.

లోపల చీకటి. అన్నయ్య తలుపు బాదుతూ అరవడం మొదలుపెట్టాడు. "పడిపోతోందే, లిఫ్టు పడిపోతోంది, నా గుండె ఆగిపోతోంది." వదిన మెట్ల మీద కూలబడింది. అంతలో నా ఫోను మోగింది. ఎత్తితే మాట లేదు, రొప్పు. కుళాయి చప్పుడు కింద నేను రోజూ పోల్చుకునే రొప్పే అది.

"చెయ్యి ఆడట్లేదే," అన్నాడు మా ఆయన. "బ్రేకు పట్టుకున్నాను, చక్రం తిప్పలేకపోతున్నాను. చెప్పకుండా తీసేశానే."

తలుపు వెనక ఒకడు, డాబా మీద ఒకడు, మధ్యలో నేను. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. స్పీకరు పెట్టి ఫోను తలుపు సందుకి ఆనించాను. "అయితే ఇప్పుడు చెప్పండి. అన్నయ్యకే చెప్పండి," అన్నాను.

కాసేపు రెండు రొప్పులే వినపడ్డాయి.

"బావగారూ, నేనిక్కడే ఉన్నాను," అన్నాడు చివరికి మా ఆయన. "కరెంటు నేనే తీశాను. ముందు చెప్పాల్సింది. లిఫ్టు పడదు."

"నేను చచ్చిపోతున్నాను బావా."

"చావరు. గుండె ఆగిపోతున్నట్టే ఉంటుంది, ఆగదు. నాకు తెలుసు. నాకది రోజూ వస్తోంది. ఇప్పుడూ వచ్చింది. మీకు వినపడకూడదని బాత్‌రూంలో కుళాయి తిప్పుకుని కూర్చుంటున్నాను."

మెట్ల మీద వదిన తలెత్తి నావంక చూసింది. లోపల బాదడం ఆగింది.

"ఎంతసేపుంటుంది?" అన్నాడు అన్నయ్య చిన్నగా.

"కాసేపే. నెమ్మదిగా ఊపిరి వదలండి, నేనూ వదులుతాను. ఇప్పుడు చక్రం తిప్పుతున్నాను. ఊగుతుంది."

ఊగింది. జానెడు జానెడు చొప్పున లిఫ్టు పైకొచ్చింది. మా ఆయన దిగొచ్చి తాళంచెవితో తలుపు తెరిచేసరికి అన్నయ్య సంచీని వాటేసుకుని మూల కూర్చునున్నాడు. టమాటాలు చితికి చొక్కా అంతా తడిసిపోయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

భోజనాల దగ్గర అన్నయ్య ఇప్పుడు పేరు పెడతాడు, ఇదిగో ఇప్పుడు పెడతాడు అని కాచుకుని కూర్చున్నాను. అన్నయ్య మాట్లాడకుండా తిని లేవడం నేను చూడటం అదే మొదలు.

మర్నాడు పొద్దున్న ఫోను మోగింది. ఎక్కడో ఇంకో లిఫ్టు ఆగింది. మా ఆయన బాత్‌రూంలోకి వెళ్ళాడు, కుళాయి తిరిగింది. నేను లేవబోతే అన్నయ్య వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు. తనే వెళ్ళి, అంత భారీ మనిషీ, ఆపసోపాలు పడుతూ ఆ తలుపు ముందు గొంతుక్కూర్చున్నాడు.

"బావగారూ, నేనిక్కడే ఉన్నాను," అన్నాడు. "ఏమీ చెయ్యను. ఊరికే కూర్చుంటాను."

కాసేపటికి లోపల కుళాయి కట్టేసిన చప్పుడైంది.