భూమవ్వ గడపలో శారమ్మ

1968 జనవరి 22, సోమవారం. బోధన్ తాలూకాలో, ఎడపల్లికి సమీపంగా ఉన్న ఒక పల్లెలో, క్రైస్తవుల వాడలోని పదిహేడు కుటుంబాలలో పదహారింటి మగవారు ఆ ఉదయం చెరుకు కోతకు వెళ్లలేదు. చక్కెర ఫ్యాక్టరీ నడిచే కాలంలో ఒక రోజు కూలి వదులుకోవడం ఆ వాడలో పెళ్లికో చావుకో తప్ప జరగదు. చావు అయిపోయింది, ముందురోజే పాతిపెట్టారు. వారు పని మానింది మరొక కారణానికి. ఊరి చివర ఒంటరిగా బతికే భూమవ్వ అనే ముసలి మంత్రసాని ముందరి పళ్లు ఊడగొట్టాలని వారు నిర్ణయించుకున్నారు.

ఆ ప్రాంతంలో చేతబడిని బాణామతి అంటారు. బాణామతి చేశారని అనుమానం కలిగిన మనిషి ముందరి పళ్లు రాలగొట్టడం పాత ఆచారం. పళ్లు లేని నోట మంత్రం సరిగా పలకదనీ, సరిగా పలకని మంత్రానికి శక్తి ఉండదనీ నమ్మకం. ఈ నమ్మకానికి మతభేదం లేదు.

పదిహేడవ ఇల్లు శారమ్మది. చనిపోయిన పిల్ల ఆమె ఒక్కగానొక్క కూతురు మార్త.

శారమ్మ పుట్టింది మాక్లూర్‌లో. తల్లిదండ్రులు ఆమె పుట్టకముందే మెథడిస్టు సంఘంలో చేరారు. మిషన్ వారి రాత్రి బడిలో చదవడం నేర్చుకుంది. దేవదాస్‌ను పెళ్లాడి ఈ వాడకు వచ్చింది. దేవదాస్ ఒక ఆసామి ఎడ్లబండి మీద చెరుకు తోలేవాడు. తల్లీకూతుళ్లు చెరుకు కొట్టేవారు. వాడలో బైబిలు తడుముకోకుండా చదవగలిగిన స్త్రీ ఆమె ఒక్కతే కనుక ఆడవారి ప్రార్థన ఆమె చేతిలోకి వచ్చింది. ఎప్పుడో 1962లో, ఒక పొలం కావలివాని కొడుకు మూడు వారాలు మంచం పట్టి, శారమ్మ ఉపవాసముండి ప్రార్థించిన తరువాత లేచి తిరిగాడు. అప్పటి నుంచి పసుపు పండించే హిందూ రైతుల ఇళ్లవారు కూడా ఆమె గుమ్మం ముందు నిలబడసాగారు. వారు తెచ్చిన కొబ్బరికాయలను, నిమ్మకాయలను ఆమె ముట్టేది కాదు. కానీ, ధర్పల్లి మంత్రగాడు కట్టలేని గాలిని శారమ్మ కట్టిందని వారు అన్నప్పుడు ఆమె కాదనలేదు.

"శారమ్మ పార్థనకు బలమున్నది" అనేవారు. ఆ మాట వినడం తనకు ఇష్టంగానే ఉండేదని ఆమె తరువాత చెప్పింది.

వాడ ప్రార్థనలో ఒక అలవాటు ఉండేది. గాలి సోకిందనుకున్న మనిషిని మధ్యన కూర్చోబెట్టి, చుట్టూ మోకరించి, ప్రార్థన ఉచ్చస్థాయికి చేరినప్పుడు పెద్దగా అడిగేవారు: "నిన్ను ఎవలు పంపిండ్రు?" పాత భూతవైద్యులు వేపమండలతో కొడుతూ అడిగే ప్రశ్న అదే. వాడవారు మతం మారినప్పుడు వేపమండలు విడిచారు, తాయెత్తులు విడిచారు, పసుపు ముగ్గులు విడిచారు. ప్రశ్నను మాత్రం తెలియకుండానే వెంట తెచ్చుకున్నారు. పాస్టరుగారు నెలకొక ఆదివారం నిజామాబాద్ నుంచి వచ్చి వెళ్లేవారు. ఆయన ఉన్నప్పుడు ఎవరికీ గాలి సోకలేదు కనుక ఆయన చెవిన ఆ ప్రశ్న పడలేదు.

జనవరి రెండవ వారంలో మార్తకు జ్వరం వచ్చింది. పదహారేళ్ల పిల్ల. మొదట తలనొప్పి అన్నది. తరువాత వెలుతురు చూడలేకపోయింది. ఆదివారం నాటికి మెడ బిగుసుకుని, చేతులు కొట్టుకోసాగాయి. దేవదాస్ బండి ఫ్యాక్టరీ ముందు వరుసలో ఉంది. వరుస విడిస్తే మళ్లీ చివరికి పోవాలి, చెరుకు ఎండి తూకం తగ్గితే ఆసామి ఊరుకోడు. అతడు రాలేదు. దేవదాస్ అన్న వీరస్వామి, సంఘ పెద్ద, వచ్చి తమ్ముని ఇంట్లోనే ప్రార్థన పెట్టించాడు.

శారమ్మ నడిపించింది. అడిగింది కూడా ఆమే.

"ఎవలు పంపిండ్రు? యేసు నామంల అడుగుతున్న, చెప్పు! ఎవలు పంపిండ్రు?"

మూడవసారి అడిగినప్పుడు పిల్ల కళ్లు తెరవకుండానే, "భూమవ్వ" అన్నది.

ఆ పేరు ఎందుకు వచ్చిందో ఎవరికీ తెలియదు. మార్తను ఈ లోకంలోకి తీసింది భూమవ్వే. జ్వరం మొదలైన రోజున వచ్చి, పిల్ల అరికాళ్లకు ఆముదం రాసి వెళ్లింది కూడా. నొప్పితో ఉన్న పిల్ల ఆమెను రమ్మని పిలిచిందని ఇద్దరు ఆడవారి అభిప్రాయం. మిగిలినవారందరూ అది దయ్యం ఒప్పుకోలు అన్నారు.  శారమ్మ చూపు పిల్ల మీదే ఉంది.

మంగళవారం దేవదాస్ తిరిగివచ్చి, అదే బండిలో గడ్డి పరచి పిల్లను బోధన్ దవాఖానాకు తీసుకుపోయాడు. అది మెదడు జ్వరమనీ, చాలా ముదిరిందనీ డాక్టరు చెప్పాడు. శనివారం పొద్దున మార్త చనిపోయింది. ఆదివారం పాతిపెట్టారు. మట్టి వేసి తిరిగి వస్తుండగా వీరస్వామి తమ్మునితో, "రేపు దాని సంగతి సూద్దాం" అన్నాడు. దేవదాస్ తల ఊపాడో లేదో చూసినవారు లేరు. ఇంటికి వచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

వెనుక నడుస్తున్న శారమ్మ ఆ మాట విన్నది.

ఆ సోమవారం ఆమె చేసిన పనిని వాడలో చాలామంది ధైర్యం అంటారు. ఆమె ఒప్పుకోదు. పొద్దున లేచి మొదట బైబిలు తీసిందట; అక్షరాలు కనబడలేదు. ప్రార్థించబోతే మాట రాలేదు. ఇతరుల పిల్లల కోసం గంటల తరబడి ఎలుగెత్తి ప్రార్థించిన మనిషి, "నాతోని గాదు, నువ్వే నడువు" అని మాత్రం అనగలిగింది. చాలాసేపు అదే మాట అంటూ, చెప్పులు కూడా వేసుకోకుండా భూమవ్వ ఇంటికి నడిచింది. అక్కడికి చేరేసరికి కాళ్లు వణికి, గడప మీద కూర్చుండిపోయింది.

"నిలవడలేక కూసున్న. వాళ్లు అడ్డం కూసున్ననుకున్నరు" అంటుంది.

లోపల భూమవ్వ పొయ్యి ముందు ఉంది. సంగతి ఆమెకు అప్పటికే తెలుసు.

"ఎందుకచ్చినవ్ బిడ్డా? ఇంట్ల శోకం పెట్టుకొని. పో, జర పండుకో పో."

"అవ్వా, తలుపేసుకో."

"తలుపేడుంది? తడికనాయె."

మగవారు వచ్చారు. ముందు వీరస్వామి, అతని చేతిలో కమ్మరిని అడిగి తెచ్చిన పటకారు. వెనుక పదిహేను, ఇరవై మంది. గడపలో శారమ్మను చూసి ఆగారు. వారు ఆమెను అక్కడ ఊహించలేదు. ఊహిస్తే తమ వైపు నిలబడుతుందని ఊహించి ఉండాలి.

"జరుగు శారమ్మా" అన్నాడు వీరస్వామి. "నీ బిడ్డ కోసమే వచ్చినం."

"నా బిడ్డ మట్టిల ఉన్నది బావా. ఇగ దాని కోసం మీరు చేసేది ఏం లేదు."

"పేరు చెప్పింది గదా! నేనొక్కన్నే విన్ననా? అందరం విన్నం. అడిగింది ఎవలు మరి? నువ్వే గదా అడిగినవ్?"

"నేనే అడిగిన. అడగరానిది అడిగిన. ఏసయ్యతోని మాట్లాడేటిదాన్ని, దయ్యంతోని మాట్లాడిన." ఆమె గొంతు చాలా చిన్నగా ఉందని, వెనుకవారికి వినబడలేదని ఆ రోజు గుంపులో ఉన్న వాడ మనిషి మోషే తరువాత చెప్పాడు. "అది అబద్ధాలకోరని మనమే చెప్తం గదా బావా. గుడిల చెప్పింది నువ్వే. గిప్పుడు ఆ అబద్ధాలకోరు సాక్ష్యం పట్టుకొని ముసల్దాని పండ్లు పీకుతమంటరా? గది దేవుని పనా, దాని పనా?"

వీరస్వామి ఒక అడుగు ముందుకు వేశాడు. ఆ రోజు అక్కడ జవాబుతో పని లేదు.

వెనుక నుంచి ఎవరో అన్నారు: "పార్థనకు బలముంటే పోరి బతుకుతుండె. బలం లేకనే సచ్చింది."

ఆ మాట అన్నది ఎవరో మోషే చెప్పలేదు. తాను కాదని మాత్రం చెప్పాడు.  ఆ మాట తనకు తగలవలసిన చోటనే తగిలిందని, అక్కడి నుంచి లేచిపోవాలని ఒక్కసారి అనిపించిందని శారమ్మ చెప్పింది.

"లేదు. నాకు ఎప్పుడు లేకుండె" అన్నది చివరికి. "బలముందని మీరన్నరు, నేను గూడ నమ్మిన. ఉన్నదంతా ఆయనది. ఇప్పుడు గూడ కాళ్లల్ల పానం లేదు నాకు. లేపితే పడిపోత. కని మన కొట్లాట మనుషులతోని గాదు బావా. ఈమె మనిషి."

అప్పుడు లోపలి నుంచి భూమవ్వ మాట వినిపించింది.

"శారమ్మా, జరుగు బిడ్డా, ఎందుకు తక్లీఫు? నాకున్నయే నాలుగు పండ్లు. రెండు ఊగుతున్నయి. వీకితే వీకనియ్యి, గట్క మింగుడే గదా."

ఒక పడుచువాడు కిసుక్కుమన్నాడు. ఆ నవ్వు అంతా చల్లారుస్తుందని మోషే అనుకున్నాడట. అది వీరస్వామిని మరింత రేపింది. సంఘ పెద్దనైన తనను ఇద్దరు ఆడవాళ్లు నవ్వులపాలు చేశారనుకున్నాడు. శారమ్మ భుజం పట్టి పక్కకు లాగాడు. ఆమె ద్వారబంధం పట్టుకుంది. ఇంకా బలంగా లాగాడు. పట్టు వదిలి ఆమె ముందుకు పడింది. ముఖం గడప రాతికి తగిలింది.

లేచి కూర్చునేసరికి నోటినిండా రక్తం. ముందరి పళ్లు రెండు విరిగాయి. ఆమె మళ్లీ జరిగి అదే గడప మీద కూర్చుంది, చెయ్యి చాచి ద్వారబంధాన్ని పట్టుకుంది.

నిన్న మట్టి వేసిన చేతులతోనే ఈ పని చేశామని ఎవరో గొణిగారు. ఒకరి తరువాత ఒకరు వెనుదిరిగారు. వీరస్వామి చివరిదాకా నిలబడి, పటకారును ఏం చేయాలో తెలియనట్లు చేతులు మార్చుకుంటూ ఉండి, వెళ్లిపోయాడు. భూమవ్వ వచ్చి తన కొంగు తడిపి శారమ్మ నోరు తుడిచింది. అప్పుడు, కూతురు పోయిన తరువాత మొదటిసారి, శారమ్మ ఏడ్చింది. ముసలామె ఆమె తలను ఒళ్లో పెట్టుకుని, "ఏడువు బిడ్డా, నా చేతులల్ల పుట్టింది" అంటూ తానూ ఏడ్చింది.

ఇది గెలుపు అని శారమ్మ ఏనాడూ చెప్పలేదు. "ఆయన నన్ను ఆడ కూసోవెట్టిండు. అంతే" అంటుంది. మార్తను ఎందుకు నిలపలేదని అడిగితే, అది తాను కూడా అడుగుతూనే ఉన్నానని, ఇంకా జవాబు రాలేదని, అయినా అడగడం మానలేదని చెబుతుంది.

ఆ తరువాతి వారం రోజుల్లో జరిగినవి ఇవి. బుధవారం భూమవ్వ ఒక గంప నెత్తిన పెట్టుకుని ధర్పల్లిలోని చెల్లెలి ఇంటికి వెళ్లిపోయింది. శారమ్మ ఉండమని బతిమాలింది. "నేనుంటే నువ్వు రోజు గడపల కూసోవాలె" అన్నది ముసలామె. తప్పు లేకపోతే ఎందుకు పారిపోతుందని వాడ అనుకుంది. ఆదివారం పాస్టరుగారు వచ్చారు. విషయం విని, సాతానుపై దేవుడిచ్చిన జయాన్ని గురించి సాక్ష్యం చెప్పమని శారమ్మను కోరారు. ఆమె తల అడ్డంగా ఊపింది. వీరస్వామి ఆ రోజు గుడికి రాలేదు. దేవదాస్ వచ్చి, ఎన్నో ఏళ్లుగా మగవారి వైపు కూర్చునే తన చోటు వదిలి, ద్వారం దగ్గర చెప్పుల పక్కన కూర్చున్నాడు.

సోమవారం శారమ్మ కోతకు వెళ్లింది. ఆ చేను వేరే ఊరివారిది. కూలీలు సరిహద్దు అవతల నుంచి వచ్చిన మరాఠీ ఆడవారు, కొందరు ఎడపల్లి వారు. ఆమె ఎవరో వారికి తెలియదు. మధ్యాహ్నం సద్ది విప్పినప్పుడు ఆమె నోరు చూశారు. కొత్తగా విరిగిన ముందరి పళ్లకు ఆ ప్రాంతంలో ఒక్కటే అర్థం. ఒకామె తన చంటిపిల్ల ముఖం మీద కొంగు కప్పింది. మరొకామె నీళ్ల కుండను ఎత్తి దూరంగా పెట్టింది. 

తాను బాణామతి మనిషిని కానని ఆమె వారికి చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

"నేను గాదు అంటే, మరి ఎవలు అంటరు" అని తరువాత చెప్పింది.

చెరుకు ఆకుల నీడలో వారికి కొంత దూరంగా కూర్చుని, జొన్నరొట్టెను చిన్న చిన్న ముక్కలుగా తుంచుకుని, పక్క పళ్లతో నెమ్మదిగా నమిలింది. తరువాత కత్తి తీసుకుని తన సాలులోకి వెళ్లింది.