కట్లు మార్చే పెద్దక్క

రొమ్ముల సైజు పెంచే ఆపరేషన్ల వార్డులో కట్లు మార్చే నర్సును అందరూ పెద్దక్క అంటారు. పల్లెబడిలో చదివి నర్సు ఉద్యోగం తెచ్చుకున్న మొదటి ఆడపిల్ల తానేననీ, ఇరవై ఆరేళ్లలో తాను వేసిన కట్టు ఒక్కటీ వదులు కాలేదనీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. ఆపరేషన్‌కు ముందురోజే చేతులు ఆనించకుండా మంచం మీంచి లేవడం నేర్పిస్తుంది. ఇంట్లో రోజూ వాడే సామానంతా, చెయ్యి పైకెత్తే పని లేకుండా, నడుము ఎత్తుకు దించుకోమంటుంది. "మొదట్లో వాచి, బిగిసి, పైకెక్కి కూర్చుంటాయి. ఒకటి ముందు దిగుతుంది, రెండోది బద్ధకంగా దిగుతుంది. మూడు నెలలదాకా అద్దంతో పోట్లాడకండి" అని నవ్విస్తుంది.

ఒక టైలరమ్మకు పుట్టుకతోనే ఎడమ రొమ్ము చిన్నది. ముప్పై ఏళ్లు లోపల గుడ్డముక్క పెట్టుకుని నెట్టుకొచ్చింది. ఆపరేషనైన ఆరో రోజు ఇంటి నుంచి వచ్చినప్పుడు కట్టు విప్పితే ఎడమవైపు బాగా పొంగి ఉంది. "వాపే కదక్కా, నువ్వే చెప్పావుగా" అంది చూపు తప్పించి. పెద్దక్క వేళ్లు ఆనించి చూసింది. రాయిలా ఉంది.

"నిజం చెప్పమ్మా, చెయ్యి పైకెత్తావా?"

"అటక మీద గుడ్డల మూట... ఒక్కసారేనక్కా. తిడతావని చెప్పలేదు."

పెద్దక్క తిట్టలేదు. డాక్టరుకు కబురుపెట్టి, తానే స్ట్రెచర్ నెట్టుకుంటూ పరుగెత్తింది. లోపల చేరిన రక్తాన్ని గంటలో తీసేశారు. రొమ్ములో పెట్టిన ఇంప్లాంటు పదిలంగా ఉంది.

మూడు నెలలకు టైలరమ్మ, ముందువైపు గుండీలున్న వదులు చొక్కాలు డజను కుట్టి తెచ్చింది. "చెయ్యెత్తకుండా తొడుక్కోవచ్చు. నాలాంటి తిక్కది ఇంకొకతె వస్తుంది కదక్కా!"

పెద్దక్క నవ్వి, ఒక చొక్కా గుండీలు విప్పి, అప్పటికప్పుడే మూడో మంచం ఆవిడకు తొడిగింది.