గోబర్ గ్యాసుకు లగేజీ టికెట్టు

గోబర్ గ్యాసు నింపిన లారీ ట్యూబును లగేజీ టికెట్టు లేకుండా ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు బస్సెక్కించిన ఘనుణ్ణి నేనే. పెట్రోలు కరువు రోజులవి. ఆ ట్యూబు నా పక్క సీటు మెకానిక్‌ది. ఎమ్మిగనూరులో ఉన్న తన బావమరిది మోటారుసైకిల్‌ను ఆ గ్యాసుతో నడిపి చూపిస్తానని పందెం కట్టి బయల్దేరాడు.

"మన గొడ్లు ఈడ పేడేస్తాంటే, యాడిదో నూనెకు క్యూలో నిలబడేదేందప్పా?" అన్నాడు.

లగేజీ టికెట్టు తీసుకో, లేదంటే దిగిపొమ్మన్నాడు కండక్టరు. అంగట్లో పెరిగిన నా నోరు ఊరుకోలేదు.

"తూకమేసి చూడన్నా. లోపలి గ్యాసుకు బరువుంటే టికెట్టు కొట్టు."

బస్సంతా నవ్వింది. కండక్టరు విసుక్కుంటూ వెళ్లిపోయాడు. గెలిచిన గర్వంతో నేను బీడీ నోట పెట్టి అగ్గిపుల్ల గీశాను. మెకానిక్ ఆ మంటను ఒట్టి చేత్తో పిడికిట్లో నలిపేశాడు.

"బాగా వాదించినావప్పా. కానీ ఈ గ్యాసు ఇంజన్లో మండల్ల, బస్సులో కాదు," అన్నాడు మెల్లగా.

ఎమ్మిగనూరు బస్టాండు బయట ఆ బావమరిది బండి గ్యాసుతో దగ్గుతూ దగ్గుతూ సందు చివరిదాకా పోయింది. హ్యాండిల్ పట్టిన మెకానిక్ అరచేతిలో, అగ్గిపుల్ల నలిపినచోట, బొబ్బ లేచింది.

లెక్క చూస్తే, ఆయనకు నేను మిగిల్చింది లగేజీ టికెట్టు అర్ధరూపాయి. నాకు ఆయన మిగిల్చింది ప్రాణం, ఆనాటి నుంచి నేను తాగని బీడీలన్నీ.